కెమెరా వెనక మనిషి

ఆ రోజుల్లో తద్దినమంటే పోయినవాళ్లను ఇంటి గోడే తిరిగి చూపించేది. ఏదో ఒక పాత వీడియో ఇస్తే చాలు, మనిషి నిలువెత్తున వచ్చి విస్తరి ముందు కూర్చునేవాడు.

హైమవతి భర్త సుందరరావు పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. ఎప్పుడూ క్యామ్‌కార్డర్ వెనకే ఉండిపోయాడు గనుక అతని బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. మిగిలిందల్లా కొత్త కాపురంలో ఆమెను తీసిన ఒక్క క్యాసెట్. అందులో అతని గొంతుంది.

"బూజు పట్టిందమ్మా. ఇంకొక్కసారి తిరిగితే పొడైపోతుంది," అంది కూతురు నిరుపమ.

"పోతే పోనీవే. ఈ తద్దినం పూట ఆయన గొంతు వినపడితే చాలు."

టేపు తిరగడం మొదలుపెట్టగానే గోడ అడిగింది: "గీతలూ, అనవసరపు చప్పుళ్లూ తీసెయ్యమంటారా?"

ముసురు పట్టినట్టున్న బొమ్మ చూసి హైమవతే తొందరపడింది. "తీసెయ్యి నాయనా."

టేపు చివరిదాకా తిరిగి పొడిపొడిగా రాలిపోయింది. గోడ మీద బొమ్మ మాత్రం కడిగిన ముత్యంలా తేలింది. పెరట్లో బట్టలారేస్తున్న ఇరవయ్యేళ్ల హైమవతి, ఎవరో పిలిచినట్టు చటుక్కున ఇటు తిరిగి సిగ్గుపడి నవ్వింది. పిలుపు మాత్రం లేదు.

"అమ్మా, కెమెరా వెనకాల నాన్న గొంతును కూడా ఈ గోడ అనవసరమనుకుందే!" అంది నిరుపమ.

హైమవతి విస్తరి ముందున్న ఖాళీ పీట వైపు తిరిగింది.

"ఏమండీ, ఇంకొక్కసారి పిలవరూ?"