నాసిక్ చారు

మా సత్తెనపల్లి చుట్టుపక్కల కథ చెప్పేటప్పుడు కొలత తప్పనివాణ్ని నేనొక్కణ్నే. నేను గజం అన్నానంటే టేపు పెట్టి చూసుకోవచ్చు. కాబట్టి నమ్మి చదవండి.

"బ్రాందీ కొట్టుకి నా గది ఇవ్వను!" అన్నాడు బాపయ్య, తాళంచెవి మొలతాడుకి ముడేసుకుంటూ. రెండువేల మూడు, మార్చి నెల.

"బ్రాందీ కాదు మామయ్యా, వైను. ద్రాక్షపళ్లతో చేస్తారు. ఆడవాళ్లూ ముసలాళ్లూ కూడా బెరుకు లేకుండా వచ్చి ఓ గుక్క తాగిపోయే కొట్టు పెడతాను," అన్నాడు అల్లుడు రామాంజనేయులు. నాసిక్‌లో వైను ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, లైసెన్సు చేతపట్టుకుని వచ్చాడు. బజారులో ఇంకెవరూ గది ఇవ్వలేదు.

"ముసలాళ్లంటే నన్నేనా?"

"ఒక్క గుక్క రుచి చూడండి. నచ్చకపోతే లైసెన్సు చింపేసి, మీ మిరపచేలో మందు కొట్టుకుంటూ బతుకుతాను."

"సరే. రేపు భోజనం కాగానే. ఒక్క గుక్కే!"

మర్నాడు రామాంజనేయులు భార్య శివపార్వతి పుట్టింటి వంటింట్లో సీసా బిరడా తీసింది. గంటసేపు గాలి తగిలితేగాని వైను రుచి తేలదని మొగుడు చెప్పిన పాఠం. వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి, గట్టు మీద పెట్టి, తమలపాకులు తేవడానికి బజారుకెళ్లింది.

అప్పుడొచ్చింది వాళ్లమ్మ పిచ్చమ్మ. పొద్దుటినుంచీ మిరపకాయల తొడిమలు తీసి తీసి ఆవిడ ముక్కు దిబ్బడేసింది. గిన్నెలో ఎర్రటి నీళ్లు. వేలు ముంచి నాకింది. పులుపు, కాస్త వగరు.

"పాత చింతపండు పిసికిపెట్టి మర్చిపోయింది, పిచ్చిమొద్దు!" అనుకుని గిన్నె పొయ్యెక్కించింది. ఉప్పు, పసుపు, బెల్లంముక్క, దంచిన మిరియాలు. పైన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు చుయ్యిమంది.

బాపయ్య పీట మీద కూర్చుని చారు పోయించుకున్నాడు. ఒక ముద్ద తిని ఆగాడు. మళ్లీ పోయమన్నాడు. మూడోసారి అన్నం వద్దన్నాడు, గ్లాసులో పోయమన్నాడు.

"ఏవయ్యా, ఇవాళ చారు మీద పడ్డావు?"

"మాట్లాడకుండా పొయ్యవే! నలభై ఏళ్లకి నీకు చారు కాయడం వచ్చింది."

ఇంతలో కూతురూ అల్లుడూ లోపలికొచ్చారు. గట్టు మీద గిన్నె లేదు. పీట పక్కన ఉంది, అడుగున నాలుగు కరివేపాకు రెబ్బలతో.

"అమ్మా! ఇందులో వైనేదే?"

"వైనేంటే? చారు కాశా గదా!"

"అది వైనా!" అని బాపయ్య నోరెళ్లబెట్టాడు.

రామాంజనేయులు మొహం మాడిపోయింది. ఇంకో సీసా లేదు. జేబులోంచి లైసెన్సు తీసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆగు అల్లుడూ!" బాపయ్య గ్లాసు దించకుండానే ఎడంచేత్తో మొలతాడు ముడి విప్పాడు. "ఇదిగో తాళంచెవి. కానీ ఉత్తదే అమ్మావంటే గది ఖాళీ చేయిస్తా. వేడివేడిగా, పోపుతో, స్టీలు గ్లాసులో! పోపు మీ అత్తే పెడుతుంది."

"నేనెందుకు పెడతానూ, సారాకొట్లో కూర్చుని!" అంది పిచ్చమ్మ, గిన్నె అడుగు వేలితో తుడిచి నాకుతూ.

కొట్టు తెరిచిన రోజు సాయంత్రం క్యూ గుమ్మం దగ్గర మొదలై నరసరావుపేట దాకా సాగింది. సరే సరే, టేపు తియ్యకండి! పదకొండు మంది. అందులో ఇద్దరు బస్టాండుకి దారి అడగడానికొచ్చి, తాగి, దారి అడగడం మర్చిపోయి వెళ్లారు. ఆడవాళ్లు మాత్రం చెంబులు తెచ్చుకుని ఇంటికి పట్టుకెళ్లారు.

ఇక నేను కల్పించింది బాపయ్య నోరెళ్లబెట్టడం ఒక్కటే. అది వైనని మొదటి ముద్దకే తెలిసిపోయింది నాకు.