అద్దంలాంటి పెట్టె

వారంలో రెండోసారి సందులో మురుగు పొంగింది.

"ఎవరో వంటింటి జిడ్డు కాలువలోకి వదులుతున్నారు. రేపు తనిఖీకి వస్తా. దొరికినవాళ్ళ కొట్టు నెల్లాళ్ళు మూత," అని చెప్పి వెళ్ళింది మున్సిపాలిటీ ఇంజనీరు మగ్దా.

అలెగ్జాండ్రియాలోని ఆ సందులో నూనె కాగే కొట్లు రెండే. ఫలాఫెల్ వడలు వేసే హాజీ మిత్వల్లిది ఒకటి, ఎదురుగా చేపలు వేయించే షహాతాది ఒకటి. అసలే వేసవి. కైరో జనమంతా సముద్రానికి దిగే నెల. ఈ నెల కొట్టు మూస్తే మిత్వల్లికి ఏడాదంతా పస్తే.

అనుమానం ఎవరి మీదని వేరే చెప్పాలా? రోజూ మధ్యాహ్నం షహాతా గుడ్డ కప్పిన బకెట్ పట్టుకుని వెనకదారిన జారుకుంటాడు. ఖాళీ బకెట్‌తో తిరిగొస్తాడు. ఎక్కడికని అడిగితే నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే మిత్వల్లికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మిత్వల్లి అలాంటివాడు కాదు. 'శుభ్రత విశ్వాసంలో భాగం' అని గోడకి పటం కట్టుకున్న మనిషి. గిన్నెలు కడిగిన నీళ్ళలో జిడ్డు ఆపడానికి రెండు కొట్లలోనూ తొట్టి కింద ఇనప పెట్టె ఉంటుంది. మిత్వల్లి రోజూ తన పెట్టె మూత తీసి, సబ్బు వేసి, మూడు కెటిళ్ళ మరిగే నీళ్ళు పోసి తళతళలాడిస్తాడు.

మర్నాడు మగ్దా మొదట షహాతా పెట్టె తెరిచింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. లోపల బెత్తెడు మందాన పసుపు జిడ్డు.

"చూశారా ఇంజనీరమ్మా! వాడి మనసూ అంతే," అన్నాడు మిత్వల్లి. "ఆ బకెట్ సంగతీ అడగండి!"

"అది వాడేసిన నూనె, హాజీ. సబ్బులు చేసి అమ్ముకోమని మా వదినకిస్తా," అన్నాడు షహాతా. "చెబితే నువ్వూ పోటీకొస్తావని చెప్పలేదు."

"కథలు బాగా అల్లుతావురా!"

మగ్దా సందు దాటి మిత్వల్లి కొట్లోకి వచ్చింది. పెట్టె మూత తీసింది. చుక్క జిడ్డు లేదు.

"ముఖం చూసుకోవచ్చమ్మా," అన్నాడు మిత్వల్లి ఉబ్బిపోతూ. "రోజూ మూడు కెటిళ్ళ మరిగే నీళ్ళు!"

మగ్దా సంచిలోంచి తాళం తీసింది. మిత్వల్లికి మొదటిసారి షహాతా మీద జాలేసింది.

"మీ వేడినీళ్ళకి కరిగిపోయిన జిడ్డే హాజీ, కాలువలో చల్లారి గడ్డకడుతోంది," అంటూ ఆమె మిత్వల్లి కొట్టు తలుపు దగ్గరికి లాగింది.