జీపు కింద బెన్హర్

సాలూరు షెడ్డులో మా అబ్బాయి బెన్హర్ పాత జీపు విప్పి మళ్లీ కట్టాడు. నాలుగు చక్రాలూ గాల్లో తిరిగేలా స్టాండ్ల మీదికెత్తి, ఎప్పటిలాగే నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, టక్కుటక్కు మోత ఎక్కడిదో వినడానికి చెవికి స్క్రూడ్రైవరు ఆనించుకుని కిందికి దూరాడు.

"గేరులో ఉన్నాది. యాక్సిలేటరు మీద కాలు తియ్యకమ్మా. మోతెక్కడో ఇంటాను."

స్టాండు జారి బండి వాడి మీద పడితే? దిగలేను, కాలు తీయలేను. కళ్లు మూసుకుని ఈసారీ చర్చిలో పాడే పాటే అందుకున్నాను.

"మళ్లీ టక్కుటక్కు! షాఫ్టు మార్చినా పోనేదు" అని కింద విసుక్కున్నాడు. కాసేపటికి, "అమ్మా, పాటాపు" అన్నాడు.

ఆపాను. మోతా ఆగింది.

"ఓలమ్మా! బండికేటీ నేదు. నువ్వు యాక్సిలేటరు మీద తాళమేస్తన్నావు!"

"నువ్వు బయటికొచ్చేదాకా పాట ఆపనురా. ముందు బయటికి రా" అని ఇంకా గట్టిగా ఎత్తుకున్నాను.