వెనక బండి

“టోకెన్ అయిపోయింది” అని మునికుమార్ చేతిలో ఫోను ఎర్రగా చూపించింది.

గేటు దగ్గర కాపలా ఉన్న అతను చెయ్యి అడ్డం పెట్టి ట్రాక్టరు ఆపేశాడు. బంగారుపాళ్యం పక్కన అదొక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.

ట్రాక్టరు మీంచి ఒక పెద్దాయన దిగాడు. వెనక తొట్టి నిండా తోతాపురి కాయలు.

“అయిపోయేదేందప్పా? ముందు బండి మా తమ్ముడు లోపలికి తోలుకుపోయినాడు. ఇది వెనక బండి. రెండిటికీ ఒకటే టోకెన్.”

“నాకేం తెలుసునబ్బా! అదో, ఆ మేడం సేసిన సాఫ్ట్‌వేరు. ఆమెనే అడుగుపో.”

ఆ మేడం భానుశ్రీ. తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్. కొత్త టోకెన్ల పద్ధతికి అదే మొదటి రోజు కావడంతో, పొద్దున్నే ల్యాప్‌టాప్‌తో వచ్చి గేటు పక్కన కుర్చీ వేయించుకుంది.

టోకెన్ మీద పేరు చూసింది. ఆదిమూలం, ఐరాల.

“ఒక టోకెనుకు ఒక బండే, పెద్దాయనా.”

“అట్లగాదు పాపా. మా తోటల్లోకి లారీ రాదు. ఒక తోట కాయ రెండు ట్రాక్టర్లలో వస్తాది. ఈ పక్క అందరిదీ అంతే. ఈ మాట నేను ముందే సెప్పినా గదా.”

“ఎవరికి?”

“మీ ఆఫీసులోనే.”

భానుశ్రీకి నవ్వొచ్చింది. ఐరాల రైతుకు తిరుపతిలో, మూడో అంతస్తులో ఉన్న తమ ఆఫీసులో ఏం పని? గేటు దాటడానికి ఎన్ని చెబుతారో!

“సాఫ్ట్‌వేరు సరిగ్గా పనిచేస్తోందా అని నిన్ననే అన్ని టెస్టులూ పెట్టి చూశాం. ఇదిగో, మీరే చూడండి.”

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. తెర నిండా పచ్చటి టిక్కులు.

అనేసింది గానీ, అది పూర్తి నిజం కాదు. అన్ని టెస్టులూ కాదు. ఒకటి తక్కువ.

కొత్తరకంగా రాసిన జావాస్క్రిప్ట్ కోడ్‌ను బేబెల్ అనే సాధనం పాతరకంలోకి మార్చి ఇస్తేగానీ, టెస్టులు నడిపే జెస్ట్ అనే ప్రోగ్రాముకు అది తలకెక్కదు. తను చేరకముందే ఉద్యోగం మానేసి వెళ్లిన జయచంద్ర రాసిన ఒక టెస్టు వేరే ఫోల్డరులో ఉంది. బేబెల్ దాని జోలికే పోవడం లేదు, అందుకే ఆ టెస్టు నడవడం లేదు. రెండు రోజులు కుస్తీ పట్టి, విసిగిపోయి, ఆ ఫైలును ‘వదిలేయాల్సినవి’ జాబితాలో పడేసింది. లోపల ఏముందో తెరిచి కూడా చూడలేదు. మరుక్షణం అంతా పచ్చబడింది. మేనేజరు గిరిప్రసాద్ భుజం తట్టినంత పని చేశాడు.

ఆదిమూలం కళ్లు చికిలించి తెర చూశాడు.

“ఈ పచ్చవుంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనా పాపా?”

“అంతే.”

“అట్లయితే నేనే యాడో పొరబాటు పడుంటాలే. సదువుకున్నోళ్లు, సూసే సేసుంటారు.”

ఇప్పుడైనా చెప్పేయొచ్చు. భానుశ్రీ ల్యాప్‌టాప్‌ను మళ్లీ తన వైపు తిప్పుకుంది.

“మాగిన కాయ. ఈ ఎండకు రేపటిదాకా నిలవదు” అని తనలో తనే అనుకుంటూ ఆయన బండి వెనక్కు తిప్పాడు.

మధ్యాహ్నానికి గేటు బయట పదకొండు వెనక బండ్లు చేరాయి. రైతులు గొంతులు చించుకున్నారు. ఫ్యాక్టరీ వాళ్లు సాఫ్ట్‌వేరును నాలుగు తిట్టి, మళ్లీ కాగితం చీటీలు తీశారు. పదకొండు బండ్లూ లోపలికి పోయాయి.

ఆమె మాట నమ్మి వెళ్లిపోయిన బండి ఒక్కటే అందులో లేదు.

గిరిప్రసాద్ ఫోను చేశాడు. “టెస్టులన్నీ పాసయినాయి గదమ్మా?”

“వచ్చి చెప్తాను సార్” అని పెట్టేసింది.

సాయంత్రం తిరుపతి బస్సెక్కింది. కాణిపాకం మలుపు దగ్గర రోడ్డు వారన తోతాపురి కాయలు కుప్పగా పారబోసి ఉన్నాయి. రెండు ఆవులు తింటున్నాయి. ఎవరివని ఆమె ఎవరినీ అడగలేదు. సిగ్గుతో ముఖం కిటికీకి ఆనించింది.

కాసేపటికి ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచింది. బేబెల్ సెట్టింగుల ఫైలు ఒక్క ఫోల్డరుకే పనిచేసే రకం. దాన్ని ప్రాజెక్టు మొత్తానికి పనిచేసేలా పైకి జరిపి, పేరు మార్చింది. పది నిమిషాలు పట్టలేదు. జాబితాలోంచి జయచంద్ర ఫైలును తీసేసి టెస్టులు నడిపింది.

ఎర్రగా ఒక్క వరుస వచ్చింది: ముందు బండి లోపలికి పోయాక, అదే టోకెన్ వెనక బండికి చెల్లాలి. చెల్లలేదు.

అప్పుడు మొదటిసారి ఆ ఫైలు తెరిచింది. అన్నిటికన్నా పైన జయచంద్ర రాసి పెట్టిన మాట ఒకటి ఉంది.

“ఈ టెస్టు ఫెయిలైతే దీన్ని ముట్టుకోవద్దు, కోతలు వదులుకుని మూడు రోజులు మన ఆఫీసులో కూర్చుని ఈ టోకెన్ల పద్ధతంతా మనకు నేర్పిన ఐరాల ఆదిమూలం గారిని అడగండి.”