డొల్లలు

నాచారంలోని ల్యాబులో ఆ రాత్రి గౌతమి ఒక్కతే ఉంది. బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల పైతొడుగులు తయారుచేయడం ఆమె పని. లోపల ఏమీ లేని ఉత్త ప్రొటీన్ డొల్లలు కాబట్టి అవి దేన్నీ చంపలేవు. ఆ ధీమాతోనే పొద్దున చినిగిన గ్లవుజు తీసేసి ఉత్త చేత్తో పనిచేసింది.

ఇప్పుడు, ఆ డొల్లలు వేసి పెట్టిన బ్యాక్టీరియా ప్లేటును టేబుల్ లైటుకెత్తి చూస్తే, బ్యాక్టీరియా చచ్చిన చోటల్లా గుండ్రటి చిల్లులు. ఫ్రిజ్ మోత ఆగింది.

"ఉప్పల్ ఆఖరి బస్సు పోతది బిడ్డా," గుమ్మంలోంచి వాచ్‌మన్ హన్మయ్య అన్నాడు. "లైటుకు చెయ్యి ఆనిచ్చినవేంది? కాలుతలేదా? అది చెయ్యా, కట్టెనా?"

"కాలుతలేదు తాతా."

పొద్దుటి నుంచి ఆ చేతికి ఏమీ తెలియడం లేదు. ప్లేటును చూసినట్టే అలవాటుగా అరచేతిని పైకెత్తి చూసింది.

గుమ్మంలో ఉన్న హన్మయ్య మొహం అరచేతిలోంచి గుండ్రంగా కనిపించింది.