పిస్తోలు కింద లైటు

తొంభై ఎనిమిదిలో కడప నుంచి వచ్చిన ఖాసీం అరబ్బు దేశంలో, మెసయీద్ ఊరి అవతలి ఎడారి తోటలో అబూ రాషిద్ దగ్గర డ్రైవరు. ఆ రాత్రి దొడ్లో మేకలు ఉన్నట్టుండి అరుపు ఆపేశాయి.

పాత సైనికుడైన అబూ రాషిద్ తన చిన్న పిస్తోలులోంచి తూటాలు తీశాడు. దానికి బిగించడానికి కొత్తగా తెచ్చిన రెండు లైట్లలో పొట్టిది ఎంచుకున్నాడు.

"పొడుగుది గొట్టం దాటి బయటికొస్తుంది," అన్నాడు వచ్చీరాని ఉర్దూలో.

లైటును గొట్టం కింది గాడిలోకి జరిపి మర బిగించాడు. అది కాస్తైనా ఊగలేదు. తూటాలు మళ్ళీ నింపాడు. ఆ చేతుల నిదానానికి ఖాసీం ముచ్చటపడ్డాడు.

ఇద్దరూ దొడ్లోకి వెళ్ళారు. నేల మీద వెలుగు పడింది. ఒక్క మేకా వెలుగుకేసి చూడలేదు. అన్నీ వీళ్ళ వెనక్కి చూస్తున్నాయి.

ఇద్దరూ తిరిగారు. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు.

"కాల్చండి బాబా!" అన్నాడు ఖాసీం.

"దేన్ని? కనపడనిదాన్ని కాల్చకూడదు. లైటు బిగించింది అందుకే."

ఆయన వేలు ట్రిగ్గర్ మీద లేదు. వెలుగు వణకలేదు. అంతటి గుండె నిబ్బరం ఖాసీం ఎవరిలోనూ చూడలేదు.

ధైర్యం తెచ్చుకుని అతను మేకలవైపు చూశాడు. ఏదో నడిచి వస్తున్నట్టు వాటి తలలన్నీ మెల్లగా కలిసి కదిలాయి. ఆ చూపులు ఖాసీం పక్కనే ఆగాయి.