మూడో సిలిండర్

“మూడో సిలిండర్ నాలుగొందల పది.”

రేడియోలో మిరియం గొంతు వినగానే యోహాన్ దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. నాలుగు వందల డిగ్రీలు దాటకూడదు. ఆ లెక్క ఆమె చేత వందసార్లు వల్లె వేయించింది అతనే.

పొద్దున్న తొమ్మిదికే మే నెల ఎండ మాడ్చేస్తోంది. విశాఖ ఊరవతల ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డు ముందు, చేతిలో రేడియో పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. రెండు సీట్ల చిన్న విమానం. ఇన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని నేర్పినవాడు యోహానే. ఈ రోజు తొలిసారి ఆమెను ఒంటరిగా పంపాడు. గోపాలపట్నంలో ఇంటిల్లిపాదీ వద్దన్నారు. చర్చిలో పాస్టరుగారూ వద్దన్నారు. అయినా అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

“ముక్కు బాగా ఎత్తేసింది బావా,” అన్నాడు పక్కనే ఉన్న మెకానిక్ దేవీప్రసాద్. “అలా నిటారుగా ఎక్కితే ఇంజన్‌కి గాలేటి తగుల్తాది? ఉడికిపోద్ది.”

రేడియోలో విమానం నంబరుతోనే పిలవాలి. వరసలు పనికిరావు. యోహాన్‌కి అదేమీ గుర్తు లేదు.

“అమ్మా, ముక్కు దించు. స్పీడు పెరగనీ. ఎర్ర నాబు పూర్తిగా లోపలికుందా?”

రేడియో గరగరలాడింది.

“సగమే ఉంది నాన్నా. మర్సిపోనాను.”

ఆ నాబు సగంలో ఉంటే ఇంజన్‌కి పెట్రోలు చాలదు. చాలకపోతే ఇంకా కాగుతుంది. పైకి పంపేముందు చూడాల్సింది తనే. తనని తానే తిట్టుకున్నాడు.

“మెల్లగా నొక్కు. మొత్తం లోపలికి.”

“నొక్కాను. నాలుగొందల ముప్పై.”

తగ్గడానికి టైం పడుతుంది. విమానం అప్పుడే సముద్రం మీదికి మలుపు తిరిగింది. దాని కింద పోర్టు బయట లంగరేసిన ఓడలు తప్ప దిగడానికి జానెడు నేల లేదు.

“నాకు బయమేత్తంది. పవర్ తీసేత్తన్నాను. దిగిపోతాను.”

“వద్దమ్మా, వద్దు.”

కాగిపోయిన సిలిండర్ అది. ఒక్కసారిగా పవర్ తీసేసి కిందికి దూకిస్తే చల్లగాలి కొట్టి బీటలు వారుతుంది. అప్పుడిక ఇంజన్ సముద్రం మీదే ఆగిపోవచ్చు. ఆ పాఠం ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెప్పే వ్యవధి లేదు.

“అమ్మా, కాలిన మూకుట్లో సన్నీళ్ళు పోత్తే ఏటవుద్ది?”

“పగుల్తాది. అది నాకు సెప్పాలేటి?”

“అంతే. పవర్ కూసింత తగ్గించు, ఇరవై లెక్కెట్టు. మళ్ళీ కూసింత తగ్గించు.”

రేడియోలో అంకెలకు బదులు ప్రార్థన వినిపించింది. ఇంజన్ చప్పుడు ఒక్కో మెట్టూ దిగింది.

ఆమె ఒకరి మాట వినే రకం కాదు. ఏనాడూ వినలేదు. ఈ ఒక్కసారికి వింటే చాలని యోహాన్ దేవుణ్ణి వేడుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

“మనిషి నిబ్బరంగానే ఉంది బావా,” అన్నాడు దేవీప్రసాద్. “నువ్వే పడిపోయేలా ఉన్నావు. ఆ స్టూలు మీద కూకో.”

“నాలుగొందల పది,” అంది రేడియో. చాలాసేపటికి, “నాలుగొందలు.” ఆ తర్వాత, “మూడొందల ఎనభై, నాన్నా.”

యోహాన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. దేవీప్రసాద్ చూడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చక్రాలు రన్‌వేకి తగిలి రెండుసార్లు ఎగిరిపడ్డాయి. మూడోసారి నిలదొక్కుకున్నాయి. విమానం మెల్లగా వచ్చి షెడ్డు ముందు ఆగింది.

తొలిసారి ఒంటరిగా ఎగిరొచ్చినవాళ్ళ నెత్తిన బకెట్‌తో నీళ్ళు కుమ్మరించడం ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఆనవాయితీ. ఆ పని నేర్పిన గురువే చేయాలి. దేవీప్రసాద్ నిండు బకెట్ తెచ్చి యోహాన్ చేతికిచ్చాడు.

“కానీ బావా. ఎవరికైనా ఒకటే రూలు.”

విమానం తలుపు తెరుచుకుంది.

మోకాలి మీద చెయ్యేసుకుని ఆయాసపడుతూ కిందికి దిగుతున్న కన్నతల్లి నెరిసిన జుట్టు మీద ఆ నీళ్ళు కుమ్మరించడానికి యోహాన్‌కి చేతులు రాలేదు.